బస్తీ బాగు కోరేవాళ్లు వినకూడని సలహాలు

గుర్గావ్, నోయిడా కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు ఈమధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. కంపెనీలో సీఎస్‌ఆర్ నిధి ఉంది, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కూడా కొంత పోగుచేస్తానంటోంది, ఢిల్లీలో ఏదైనా బస్తీకి నిజంగా పనికొచ్చేలా పెట్టాలి, ఎలా పెడదాం అని. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. కాబట్టి డబ్బుకు కొదవ లేదు. మంచి మనసుకూ కొదవ లేదు. కానీ వీళ్లు బస్తీ గడప తొక్కేలోపే సలహాలు వచ్చి పడతాయి. అధికారులు చెబుతారు, కన్సల్టెంట్లు చెబుతారు, కాలనీ పెద్దలు చెబుతారు. చెప్పేవాళ్లలో చాలామంది మంచివాళ్లే. సలహాలే తలకిందులవి.

2023-24లో ఢిల్లీ తలసరి ఆదాయం 4.6 లక్షల రూపాయలు దాటింది. దేశంలో అంతటి ఆదాయం ఉన్న రాష్ట్రాలు చాలా తక్కువ. ఇదే ఢిల్లీలో, మురికివాడల బాగోగులు చూసే ప్రభుత్వ బోర్డు డూసిబ్ జాబితాలో దాదాపు 675 జుగ్గీ బస్తీలు, వాటిలో సుమారు మూడు లక్షల కుటుంబాలు ఉన్నాయి. ఆ కుటుంబాల దగ్గర ఏమీ లేదు, అన్నీ మనమే ఇవ్వాలి అన్న చోటునుంచి ఈ సలహాలన్నీ మొదలవుతాయి. అక్కడే అసలు పొరపాటు. పని దొరికే చోటుకి నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఉండటం, కిరాణా కొట్లో ఖాతా, బిడ్డను చూసే పక్కింటి మనిషి, ముప్పై ఏళ్లుగా ఒక్కో ఇటుకా పేర్చి కట్టుకున్న గోడ: ఇవన్నీ వాళ్లు పెట్టుకున్న పెట్టుబడి. దానికి చేర్చేది ఏదైనా మేలే. దాన్ని తీసేసి ఇంకోటి ఇస్తామంటే మాత్రం ఎంత ఖర్చు పెట్టినా నష్టమే.

"ముందు వాళ్లను మంచి చోటికి మార్చండి"

అన్నిటికంటే ఎక్కువగా వినబడేదీ, ఎక్కువ నష్టం చేసిందీ ఈ సలహాయే. మురుగుకాలువ గట్టున, రైలు పట్టాల వారన మనుషులు బతకడం చూసినప్పుడు ఎవరికైనా మొదట తోచేది కూడా ఇదే. అందుకే దీని దగ్గర కొంచెం ఆగాలి.

ఢిల్లీ ఈ సలహాను అరవై ఏళ్లకు పైగా పాటిస్తోంది. 1960ల మొదట్లో గుడిసె తీసేసిన కుటుంబానికి 80 చదరపు గజాల స్థలం ఇచ్చేవాళ్లు. ఎమర్జెన్సీ నాటికి అది 25 గజాలకు దిగింది. 1975-77 మధ్య దాదాపు 7 లక్షల మందిని నగరం నడిబొడ్డు నుంచి ఎత్తి త్రిలోక్‌పురి, కల్యాణ్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి, జహంగీర్‌పురి లాంటి చోట్ల దించారు. ఆ తర్వాత వచ్చిన బవానా, హోలంబీ కలాన్, సావ్దా ఘేవ్‌రాలలో ఇచ్చింది కుటుంబానికి 18 చదరపు మీటర్లు, లేదంటే 12.5. నగరం సంపద పెరిగేకొద్దీ పేదవాడి వాటా చిన్నదవుతూ, ఊరికి దూరమవుతూ వచ్చింది.

పన్నెండున్నర చదరపు మీటర్లంటే ఎంతో ఒకసారి నేల మీద కొలిచి చూడండి. అయిదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. ఒక మంచం, దాని పక్కన బట్టల ట్రంకు, గుమ్మం దగ్గర స్టవ్వు పెడితే మిగిలేది మనిషి ఒక పక్కకు తిరిగి నడిచేంత సందు. పైన ఇంకో గది వేసుకుందామంటే మెట్లకే కింది గదిలో మూడో వంతు పోతుంది. అందుకే అలాంటి ఇళ్లలో మెట్లకు బదులు వీధి వైపు ఇనప నిచ్చెన కనిపిస్తుంది. ముసలాళ్లు పైకి ఎక్కలేరు, కాబట్టి వాళ్లు కింద పడుకుంటారు, వంట వాళ్ల తల దగ్గరే జరుగుతుంది. కొత్తగా వెళ్లినవాళ్లకు ఇంట్లో మరుగుదొడ్డి లేదు, వీధి చివర డబ్బులిచ్చి వాడుకునే సామూహిక మరుగుదొడ్డి. రాత్రిపూట ఆడపిల్లను పంపాలంటే ఎవరో ఒకరు తోడు వెళ్లాలి.

2004లో యమునా పుష్తా ఖాళీ చేయించారు. పాతఢిల్లీకి ఆనుకుని నది గట్టు మీద ఉన్న ఈ బస్తీల్లో రిక్షా తొక్కేవాళ్లు, మార్కెట్లలో మూటలు మోసేవాళ్లు, ఇళ్లలో పాచిపని చేసేవాళ్లు ఉండేవారు. కొందరికి ముప్పై కిలోమీటర్లకు పైగా దూరంలో బవానాలో స్థలం చూపించారు. ఆ స్థలం కోసం కుటుంబం 7,000 రూపాయలు కట్టాలి. చేతికి వచ్చేది పట్టా కూడా కాదు, కొన్నేళ్ల లైసెన్సు. చాలామందికి అదీ రాలేదు.

పోయింది గుడిసె ఒక్కటే అయితే మళ్లీ వేసుకునేవాళ్లు. ఖారీ బావ్లీ మసాలా మార్కెట్‌లో మూటలు మోసే మనిషి తెల్లారే లోపు అక్కడుండాలి. బవానా నుంచి వచ్చేసరికి బండ్లు దిగిపోతాయి, ఆ రోజు కూలి పోతుంది. నాలుగిళ్లలో పాచిపని చేసే అమ్మాయి ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య పరుగున వచ్చి చంటిబిడ్డకు పాలిచ్చి వెళ్లేది. బవానా నుంచి అది కుదరదు కాబట్టి పని మానేసింది. మొగుడు వారమంతా ఫుట్‌పాత్ మీద పడుకుని ఆదివారం ఇంటికి వస్తాడు. ఇంట్లో ఇద్దరు సంపాదించేచోట ఒకరే మిగిలారు, ఆ ఒకరి సంపాదనలోనూ బస్సు చార్జీలు పోతాయి. ఇదంతా పునరావాసం అనే పద్దు కింద పెట్టుబడిగా నమోదైంది. నది గట్టున ఎవరూ ఉండకూడదని చెప్పి వాళ్లను పంపాక, అదే నది వరద మైదానంలో 2010 కామన్వెల్త్ క్రీడల గ్రామం లేచింది.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఎమర్జెన్సీలో విసిరేసినట్టు పంపిన త్రిలోక్‌పురి ఇవాళ మూడంతస్తుల ఇళ్లతో, బజార్లతో, మెట్రో స్టేషన్‌తో నిండి లేదా అంటారు. నిజమే. కానీ త్రిలోక్‌పురిని నిలబెట్టింది ఆ తరలింపు కాదు. పక్కనే నోయిడా పెరిగింది, పని దగ్గరికి వచ్చింది, అర్ధ శతాబ్దం పాటు ఆ ఇళ్లు ఎవరూ కూల్చలేదు. మళ్లీ ఎవరూ ఖాళీ చేయించరన్న ధైర్యం ఉన్నచోట మనుషులు తమ డబ్బు తామే పెట్టుకుంటారనడానికి అది రుజువు. ఆ ధైర్యాన్ని ఉన్నచోటే ఇచ్చి ఉంటే మధ్యలో ఒక తరం బతుకు చెడేది కాదు.

2025 జూన్ 1న జంగ్‌పురాలో బారాపుల్లా కాలువ పక్కనున్న మద్రాసీ క్యాంపు కూల్చేశారు. దాదాపు 370 తమిళ కుటుంబాల బస్తీ అది. సగానికి కాస్త ఎక్కువ మందికే అర్హత ఉందన్నారు, వాళ్లకు చూపించింది నరేలాలో ఫ్లాట్లు, ఢిల్లీకి ఉత్తరపు కొసన. పిల్లలు చదువుకునేది లోధీ రోడ్డు తమిళ బడిలో. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో మొదలుపెట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బళ్లలో పిల్లల్ని చదివించిన తెలుగువాళ్లకు ఈ సంగతి ప్రత్యేకంగా వివరించాల్సిన పనిలేదు. మాతృభాష నేర్పే బళ్లు నగరంలో కొన్నే ఉంటాయి. ఇల్లు నలభై కిలోమీటర్లు జరిగితే ఆ బడి ఆ పిల్లకు లేనట్టే.

ఢిల్లీ ప్రభుత్వం 2015లో చేసుకున్న విధానమే ఉన్నచోట, వీలుకాకపోతే అయిదు కిలోమీటర్ల లోపు ఇళ్లివ్వాలని చెబుతోంది. మీ దగ్గరికి ఎవరైనా ఊరవతల కాలనీకి నిధులు కావాలని వస్తే ఆ అయిదు కిలోమీటర్ల గీత ఎక్కడుందో అడగండి.

"ఫ్లాట్లు కట్టిస్తే సమస్య తీరిపోతుంది"

జెఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద 2005 తర్వాత ఢిల్లీలో పేదల కోసం వేల ఫ్లాట్లు కట్టారు. బవానా, నరేలా, ఘోఘా, సావ్దా ఘేవ్‌రా వైపు వాటిలో ముప్పై వేలకు పైగా ఏళ్ల తరబడి ఎవరూ కాపురం లేక పాడుబడ్డాయి. కిటికీ చట్రాలు, వైర్లు, కుళాయిలు దొంగలపాలయ్యాయి. సరైన ఇల్లు లేనివాళ్లు లక్షల్లో ఉన్న నగరంలో ఇళ్లు ఖాళీగా ఉన్నాయంటే పెద్ద కారణం అవి ఉన్న చోటే.

శాదీపూర్ కఠ్‌పుత్లీ కాలనీ సంగతి ఇంకోరకం. తోలుబొమ్మలాడించేవాళ్లు, గారడీవాళ్లు, డోలు వాయించేవాళ్ల బస్తీ. ఉన్నచోటే కొత్త ఇళ్లు అని 2009లో ఒక ప్రైవేటు బిల్డర్‌కు అప్పగించారు. స్థలంలో కొంత బిల్డర్ అమ్ముకుంటాడు, మిగతాదాంట్లో బస్తీవాళ్లకు కడతాడు. ఆలోచన తప్పు కాదు. 2017 అక్టోబరు, నవంబర్లలో మిగిలిన ఇళ్లు కూల్చారు. అప్పటికే చాలా కుటుంబాలు ఆనంద్ పర్బత్‌లో తాత్కాలిక శిబిరంలో రేకుల గదుల్లో ఉన్నాయి. మధ్యలో ఏళ్లకేళ్లు గడిచిపోయాయి. పదిహేనడుగుల బొమ్మలు కట్టే మనిషికి, వీధిలో డోలు సాధన చేసే మనిషికి అంతస్తుల భవనంలో పని ఎలా సాగుతుందన్న ప్రశ్న నక్షా గీసేటప్పుడే అడగాల్సింది. ఉన్నచోటే కట్టడం సరైనదే, కానీ గడువు, తాత్కాలిక వసతి, పని చేసుకునే జాగా, ఈ మూడూ రాతలో లేకుండా మీ డబ్బు అందులో పెట్టకండి. కాల్‌కాజీలో 2022లో 3,024 ఫ్లాట్లు సిద్ధమయ్యాయి. దగ్గరి భూమిహీన్ క్యాంపు వాళ్ల కోసం కట్టినవి అవి. 2025లో ఆ క్యాంపును కూల్చేనాటికీ అర్హుల జాబితాలో పేరు లేనివాళ్లు వీధిలోనే ఉన్నారు.

"అక్రమ నిర్మాణాల్లో రూపాయి కూడా పెట్టకండి"

ఈ మాట చెప్పేవాళ్లకు చట్టం అండ ఉన్నట్టు కనిపిస్తుంది. 2000లో అల్మిత్రా పటేల్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ భూమి ఆక్రమించినవాడికి వేరే స్థలం ఇవ్వడం జేబుదొంగకు బహుమానం ఇవ్వడం లాంటిదని వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్య తర్వాత పదేళ్లలో ఢిల్లీలో ఎన్ని బస్తీలు నేలమట్టమయ్యాయో పాత పేపర్లు చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత ఢిల్లీ హైకోర్టే 2010లో సుదామా సింగ్ కేసులో, 2019లో అజయ్ మాకెన్ కేసులో వేరే దారి చూపింది. సర్వే లేకుండా, అక్కడివాళ్లతో మాట్లాడకుండా, ప్రత్యామ్నాయం చూపకుండా కూల్చడం కుదరదని చెప్పింది. బస్తీవాసికి నగరం మీద హక్కు ఉందని అంది. సలహా ఇచ్చేవాళ్లు మొదటిది చెబుతారు, తర్వాతివి చెప్పరు.

ఢిల్లీలో పథకం ప్రకారం కట్టని కాలనీల్లో లక్షల కుటుంబాలున్నాయి. 2019లో కేంద్రం పీఎం-ఉదయ్ పథకం కింద 1,731 అనధికార కాలనీల వాసులకు ఆస్తి హక్కు ఇస్తామంది. మంచి పని. అక్కడ ప్లాటు కొనుక్కున్నవాళ్లది అనధికారం, కాలువ గట్టున గుడిసె వేసుకున్నవాళ్లది ఆక్రమణ అయింది. సైనిక్ ఫార్మ్స్ లాంటి సంపన్నుల కాలనీలు ఆ పథకంలో లేవు, అయినా అవి అలాగే నిలబడి ఉన్నాయి. అలాంటప్పుడు ఈ షరతు బరువు మోసేది డబ్బు లేనివాళ్లే.

ఈ సలహా విన్నవాళ్లు చేసే నష్టం కంటికి కనబడనిది. నీటి పైపు వేయరు, డ్రైనేజీ వేయరు, ఎందుకంటే వేస్తే ఆక్రమణను ఒప్పుకున్నట్టవుతుంది. రోజూ నీళ్లు మాత్రం కావాలి. 2024 ఎండాకాలం చాణక్యపురిలో, విదేశీ రాయబార కార్యాలయాల పక్కనున్న వివేకానంద క్యాంపులో ఏమైందో దేశమంతా టీవీలో చూసింది. ట్యాంకరు ఇంకా కదులుతుండగానే కుర్రాళ్లు పైకెక్కి మూతలోకి ప్లాస్టిక్ పైపు దించుతారు. కింద తల్లి పైపు రెండో కొసను డ్రమ్ములో పెట్టి పట్టుకుంటుంది. ఒక ట్యాంకరు మీద ఇరవై పైపులు. ఎవరి పైపు ముందు పడితే వాళ్లకు ఎక్కువ. పది నిమిషాల్లో ట్యాంకరు ఖాళీ. పైపు కొనలేనివాళ్లు, ఎక్కే కుర్రాడు లేని ఇల్లు, ఒంటరి ముసలమ్మ బిందెతో చివర నిలబడతారు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఇంట్లో ఒకరు పనికి వెళ్లకుండా కాచుకోవాలి. ఆ ఒకరు ఎప్పుడూ ఆడమనిషే, లేదా బడి మానేసిన ఆడపిల్ల. వీధి కుళాయికి పెట్టే డబ్బు ఆ అమ్మాయి బడికీ, తల్లి కూలికీ పెట్టుబడి. పట్టా ఉన్నా లేకపోయినా.

"కులం మాట ఎత్తకండి, పేదరికం పేదరికమే"

ఈ సలహా వినడానికి ఉదారంగా ఉంటుంది. ఎవరినీ వేరు చేయకూడదు కదా అనిపిస్తుంది. కానీ ఢిల్లీలో ఎవరు ఏ బస్తీలో ఉన్నారో, ఏ పనిలో ఉన్నారో చూడండి. పురపాలక పారిశుద్ధ్య ఉద్యోగాల్లో వాల్మీకి కులం వాళ్లు తరతరాలుగా ఎందుకున్నారు? 1946లో గాంధీ వచ్చి ఉన్న మందిర్ మార్గ్ వాల్మీకి బస్తీలోనే 2014 అక్టోబరు 2న ప్రధాని చీపురు పట్టి స్వచ్ఛ భారత్ మొదలుపెట్టారు. మధ్యలో అరవై ఎనిమిదేళ్లు. అన్నేళ్ల తర్వాతా చీపురు గురించి మాట్లాడాలంటే దేశం వెళ్లే చోటు అదే.

అద్దె ఇళ్ల సంగతి ఇంకా సూటిగా తేలిపోయింది. ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ, నోయిడా, గుర్గావ్, ఘాజియాబాద్, ఫరీదాబాద్‌లలో ఇళ్లు వెతికే మనుషుల్ని పంపి చేసిన పరిశీలన 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఫోన్లో అడిగినప్పుడు అగ్రకులాల పేరున్నవాళ్లకు దాదాపు అందరికీ సరే అన్నారు. దళితుల్లో 18 శాతం మందిని, ముస్లింలలో 31 శాతం మందిని సూటిగా కాదన్నారు. జీతం అదే, ఉద్యోగం అదే, పేరు వేరు. ఇదే థోరట్ అంతకుముందు పాల్ ఆట్‌వెల్‌తో కలిసి చేసిన అధ్యయనంలో ఒకే అర్హతల దరఖాస్తు దళిత ఇంటిపేరుతో వెళితే ప్రైవేటు కంపెనీల నుంచి పిలుపు వచ్చే అవకాశం తగ్గిపోయిందని తేలింది. మునిర్కా, హుమాయూన్‌పూర్ సందుల్లో ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ముఖం చూపించగానే అద్దె పెరిగే సంగతి వేరే చెప్పాలా? వాళ్ల మీద వివక్షపై 2014లో బెజ్‌బారువా కమిటీ నివేదికే వచ్చింది.

అమెరికాలో 1930లలో నల్లజాతి వాడల చుట్టూ ఎర్ర గీత గీసి, అక్కడ ఇంటి అప్పు ప్రమాదకరమని మ్యాపులు తయారుచేశారు. తరతరాల సంపద తేడా అక్కడ మరింత బలపడింది. చివరికి 1977లో, ఏ పేట నుంచి డిపాజిట్లు తీసుకుంటారో ఆ పేటలో అప్పులివ్వడం కూడా బ్యాంకుల బాధ్యతేనని చట్టం చేయాల్సి వచ్చింది. మన బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల సిబ్బంది నోట నెగటివ్ ఏరియా అనే మాట మీరు వినే ఉంటారు. ఆ జాబితా ఎక్కడా అచ్చులో కనబడదు. కానీ బస్తీ చిరునామా రాయగానే దరఖాస్తు పక్కకు పోతుంది. బస్తీలో పెట్టుబడి అన్నప్పుడు పేదరికం ఒక్కదాన్నే చూసి, ఈ గీతను చూడకపోతే డబ్బు మళ్లీ గీతకు ఇవతలే ఆగుతుంది.

గీతను దాటిన ఉదాహరణ కూడా ఉంది, అది మన దగ్గర మొదలైంది. మనిషి చేత మలం ఎత్తించే, మురుగు గొట్టాల్లోకి దించి చంపే పద్ధతి మీద సఫాయి కర్మచారీ ఆందోళన్ పేరుతో బెజవాడ విల్సన్, ఆంధ్రప్రదేశ్ మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ అండతో ఏళ్లపాటు పోరాడారు. వాళ్లు 2003లో వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2014 మార్చిలో వచ్చింది. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి వెళ్లే 70 మినీ జెట్టింగ్ యంత్రాలు దించింది. యంత్రాన్ని బోర్డు కొనలేదు, దళిత పారిశ్రామికవేత్తలు బ్యాంకు అప్పుతో కొన్నారు. బోర్డు వాళ్లకు పని ఇచ్చింది. 2019లో ఢిల్లీ జల్‌బోర్డు అదే దారిలో 200 యంత్రాలు తీసుకుంది. గొట్టంలోకి దిగిన కులం యంత్రానికి యజమాని అయింది. అసమానత తగ్గే పెట్టుబడి అంటే ఇలా ఉండాలి. ఒక్క జాగ్రత్త: యంత్రం అప్పు మీద వచ్చింది, పని కాంట్రాక్టు మీద వస్తుంది. బిల్లు ఆలస్యమైన నెలలో కూడా బ్యాంకు వాయిదా ఆగదు. ఎవరికైనా ఇలాంటి చోట సాయం చేయాలని ఉంటే, ఆ ఆలస్యాన్ని తట్టుకునే నిధి పెట్టండి. అది చిన్న మొత్తమే, కానీ దాన్ని పెట్టేవాళ్లు లేరు.

"అప్పు ఇప్పించండి, పైకి వాళ్లే వస్తారు"

పొద్దున్నే ఆజాద్‌పూర్ మండీకి వెళ్లే తోపుడు బండి మనిషిని తీసుకోండి. చేతిలో సొమ్ము లేదు. రోజు వడ్డీకి తొమ్మిది వందలు తీసుకుని సాయంత్రం వెయ్యి కడతాడు. అతనికి 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం అప్పు నిజంగా మేలు చేస్తుంది. అందులో సందేహం లేదు. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ, తర్వాత ఇంకా పెద్ద అప్పు.

కానీ ఆ అప్పుతో నింపిన బండిని ఒక మధ్యాహ్నం లారీలో ఎత్తుకుపోతే? కాయలు ఎండకు పాడవుతాయి, బండి విడిపించడానికి జరిమానా, పని పోయిన రోజులు. ఇప్పుడు రోజు వడ్డీకి తోడు బ్యాంకు వాయిదా కూడా ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం చాలా స్పష్టంగా ఉంది. సర్వే పూర్తయి వెండింగ్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులు, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. పెట్టుబడి మొదట పెట్టాల్సింది ఇక్కడ: ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా తిరిగే మనిషికి, బండి ఎత్తుకుపోయిన రోజే వెళ్లి నిలబడే లాయరుకు. అప్పు దాని తర్వాత.

"ట్రైనింగ్ ఇస్తే చాలు"

కుట్టు మిషన్లు పంచి ఫొటో దిగడం అందరికీ తెలిసిన పని. కుట్టిన బట్ట కొనేవాళ్లు ఎవరు, పీసుకు ఎంత ఇస్తారు అన్నది అడగకుండా ఇచ్చిన మిషన్ మూలన పడుతుంది. ఢిల్లీలో ఆడవాళ్ల సంపాదనకు ఎక్కువగా తోడ్పడింది మిషన్ కంటే బస్సు. 2019 అక్టోబరు 29న డీటీసీ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేకుండా చేశారు. పాచిపనికి వెళ్లే అమ్మాయి ఇంతకుముందు చార్జీ మిగిల్చుకోవడానికి నడిచిన దూరం ఇప్పుడు బస్సులో వెళ్లి ఇంకో ఇల్లు ఒప్పుకోగలదు.

చెత్త ఏరుకునేవాళ్ల విషయంలోనూ ఇంతే. 1984లో మొదలైన ఘాజీపూర్ చెత్తకొండ చుట్టూ, సీమాపురిలో వేలమంది ప్లాస్టిక్, కాగితం, ఇనుము వేరుచేసి బతుకుతున్నారు. 2016 ఘన వ్యర్థాల నియమాలు వాళ్లను గుర్తించి, నగర వ్యవస్థలో కలుపుకోవాలన్నాయి. వాళ్లకు కావాల్సింది గుర్తింపు కార్డు, సరుకు వేరుచేసుకునే కప్పున్న జాగా, ఇంటింటి సేకరణలో వాటా. చెత్తను కాల్చే ప్లాంట్‌కు ఇచ్చే కాంట్రాక్టు ఆ సరుకునే లాక్కుంటుంది. అప్పుడు కంప్యూటర్ ట్రైనింగ్ ఇచ్చి ప్రయోజనం లేదు.

"మూడేళ్లలో ఫలితం చూపించి బయటికి రండి"

కన్సల్టెంట్లకు ఇష్టమైన మాట. ఎగ్జిట్ ప్లాన్ లేకుండా ప్రాజెక్టు ఆమోదించరు. దీనికి జవాబు ఢిల్లీ చరిత్రలోనే ఉంది, అది తెలుగు నేలకు కూడా చుట్టం.

1958లో, కార్పొరేషన్ ఏర్పడిన ఏడాదే, ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో ఢిల్లీలో పట్టణ సమాజాభివృద్ధి ప్రయోగం మొదలైంది. వీధి వీధికీ వికాస్ మండల్ అని సంఘాలు పెట్టారు. సలహాదారు అమెరికన్ సామాజికశాస్త్రవేత్త మార్షల్ క్లినార్డ్ ఆ అనుభవం మీద 1966లో పుస్తకం కూడా రాశారు. అదే ఫౌండేషన్ అమెరికా నగరాల్లోని పేద పేటల్లో తన కార్యక్రమం మొదలుపెట్టింది 1961లో, ఢిల్లీ తర్వాత. మన సందులు ఊడ్చిన సంఘాలు ఆ కార్యక్రమం కన్నా ముందు పుట్టాయి. కానీ ఢిల్లీలో అది ప్రయోగంగానే మిగిలింది. సందు శుభ్రం చేసుకోమని చెప్పిన నగరమే తర్వాతి ఇరవై ఏళ్లలో బస్తీలను ఎత్తి పారేసింది.

హైదరాబాద్‌లో 1967లో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగం మాత్రం కార్పొరేషన్‌లో భాగంగా నిలబడింది. ఒకే మనిషి ఏళ్ల తరబడి అదే బస్తీకి వెళ్లాడు, బాల్వాడీ పెట్టాడు, సంఘంతో పేచీ పడ్డాడు, మళ్లీ వెళ్లాడు. బస్తీవాళ్లకు పట్టాలు వచ్చాక బ్యాంకు అప్పులతో వాళ్లే ఇళ్లు కట్టుకున్నారు. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వ సాయం వచ్చినప్పుడు అది ఖాళీ నేల మీద పడలేదు. మళ్లీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వచ్చేసరికి పట్టణాల్లో మహిళా సంఘాలంటే ఏమిటో అందరికీ తెలుసు. హైదరాబాద్ బస్తీలన్నీ బాగుపడ్డాయని నేననను. కానీ తేడా ఎక్కడ వచ్చిందో స్పష్టంగా కనబడుతుంది. పట్టా ఇచ్చారు, మనిషిని అక్కడే ఉంచారు. మూడేళ్ల గడువులో ఈ రెండూ జరగవు.

ఈ ఏడాది ఎక్కడ పెట్టాలి అని ఇంకా అడిగేవాళ్లకు నా సూచన ఒకటే: కాగితాల దగ్గర మొదలుపెట్టండి. ఢిల్లీ విధానంలో ఇంటికి అర్హత రావాలంటే ఆ గుడిసె 2015 జనవరి 1 నాటికి ఉండాలి. 2012 నుంచి 2015 వరకు ఏదో ఒక ఓటరు జాబితాలో ఆ ఇంటి మనిషి పేరుండాలి, సర్వే జరిగిన ఏడాది జాబితాలోనూ ఉండాలి, దాంతోపాటు విధానంలో చెప్పిన పత్రాల్లో ఒకటైనా ఆ తేదీకి ముందుది ఉండాలి. మొగుడు చనిపోయి ఓటరు కార్డు ఊళ్లోనే ఉండిపోయిన ఆడమనిషి, పేరులో ఒక అక్షరం తప్పు పడ్డ కూలీ, వర్షానికి కరెంటు బిల్లులు తడిసిపోయిన కుటుంబం అనర్హుల జాబితాలో తేలతారు. జాబితాలో పడ్డాక లాయరును వెతికితే ఆలస్యమవుతుంది. బస్తీలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, హిందీ బాగా చదవగలిగిన ఇద్దరు స్థానిక అమ్మాయిలకు జీతమిచ్చి, ఇంటింటికీ ఒక ఫైలు తెరిపించండి: పాత ఓటరు జాబితా పేజీ, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, పిల్లల బడి సర్టిఫికెట్, స్కాన్ చేసి ఒక కాపీ ఇంట్లో, ఒకటి గదిలో. తప్పు పడ్డ పేర్లను సర్వే రాకముందే సరిచేయించండి. జీతాలు కనీసం పదేళ్లకు సరిపోయేలా చూడండి. గది అద్దె ఒప్పందం మీ అసోసియేషన్ పేరు మీద కాకుండా బస్తీ మహిళా సంఘం పేరు మీద రాయించండి.